ఈశాన్యం మూల నీళ్లు

హజరత్తయ్యను జనం వెతుక్కుంటూ వచ్చేది రొయ్యల గుంటలో పిల్ల దించే రోజున. పిల్ల దించడమంటే, హేచరీ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వచ్చిన వెంట్రుక ముక్కంత రొయ్యపిల్లలను గుంట నీళ్లకు అలవాటు చేసి వదలడం. చూసేవాళ్లకు అది సంచి మూతి విప్పి కుమ్మరించే పని. అట్లా కుమ్మరించినవాళ్లు ఈ తీరంలో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు నెల్లూరులో ఆటోలు నడుపుతున్నారు.

ఆయన తల్లికి మొదటి ఇద్దరు బిడ్డలు దక్కకపోతే కసుమూరు దర్గాలో మొక్కుకుంది. మూడోవాడు దక్కాడు కాబట్టి ఆ పేరు పెట్టింది. హేచరీలు ఇంతగా లేని రోజుల్లో ఆయన ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో నడుముల్లోతు నీళ్లలో నిలబడి, చేతివలతో సముద్రపు పిల్ల పట్టి గుంటల వాళ్లకు ఇచ్చేవాడు. పట్టిన పిల్లను బతికించి అప్పగిస్తేనే పని. చచ్చినదాన్ని ఎవరూ తీసుకోరు. ఆ పనిలోనే ఆయన నేర్చుకోవలసింది నేర్చుకున్నాడు.

మైపాడు ఒడ్డు నుంచి పడమరగా సైకిల్ తొక్కితే కాసేపట్లోనే మూడు నాలుగు రకాల నేలలు దాటుతాం. ఇసుకలో పాకే బాలబంధ తీగ దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. ఉప్పుటేటి బురదలో మడచెట్టు వేళ్లను పైకి లేపి గాలి పీలుస్తుంది, ఎక్కువైన ఉప్పును ఆకు మీదికి నెట్టేస్తుంది. ఆ ఆకును నాకి చూస్తే తెలుస్తుంది. దాని వెనక చవిటి నేలలో ఉప్పాకు మొక్క తప్ప పెద్దగా ఏదీ లేవదు. ఆపైన వరి. దేని చోటులో అది బతకడం నేర్చింది. రొయ్య లాంటివి కొన్ని మాత్రం చోటు మారుతూ బతకడం నేర్చాయి. రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా ఉప్పుటేట్లోకి వచ్చి, పెరిగి మళ్లీ సముద్రానికి పోతుంది. ఇప్పుడు గుంటల్లో వేసే వెనామి రొయ్య పుట్టిల్లు మన సముద్రం కాదు, అమెరికా ఖండం పడమటి తీరం. అయినా దాని బతుకూ అదే పద్ధతి. ఉప్పు ఎక్కువున్న నీళ్లు దాని ఒంట్లోని నీళ్లను బయటికి లాగేస్తుంటాయి. అది నీళ్లు తాగుతూ, ఉప్పును మొప్పల గుండా వెలుపలికి తోస్తూ నిలబడుతుంది. ఉప్పు తక్కువైన చోట ఈ పని తిరగబడుతుంది: ఒంట్లో ఉన్న ఉప్పును పోనీకుండా పట్టుకోవాలి. రెండూ చేయగలదు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి మాత్రం దానికి వ్యవధి కావాలి. హజరత్తయ్య చేతిపని అంతా ఆ వ్యవధి సంపాదించి పెట్టడమే.

పెంచలకృష్ణ గుంట రెండున్నర ఎకరాలు. వాళ్ల నాయన రోజుల్లో అది వరి పొలం. చుట్టూ గుంటలు లేచి ఉప్పు ఊరి వరి ఎర్రబడిపోయాక, చివరికి ఆయనా తవ్వించాడు. నాయన పోయాడు. పోయిన పంట తెల్లమచ్చ జబ్బు తగిలి తేలిపోయింది. అంతకు ముందుదీ అంతంతే. ఇంట్లో మాట ఒకటి అయిపోయింది: ఈసారి పిల్ల నిలబడకపోతే గుంటను కావలి ఊరి ఆయన ఒకరికి లీజుకు ఇచ్చేసి, తల్లి వెంకటశేషమ్మ పుట్టిల్లు సంగం వెళ్లి, మేనమామల వరి కయ్యల్లో పని చూసుకోవాలి. కావలి ఆయన ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. పిల్ల శుక్రవారం దిగుతుంది.

ఆ శుక్రవారం తెల్లవారి హజరత్తయ్య గుంట దగ్గరికి వచ్చేసరికి బండి రాలేదు. నాయుడుపేట దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగి హైవే ఆగిపోయిందట. ఎండ పడకముందే దిగాల్సిన పిల్ల ఎండలోనే వస్తోంది. పెంచలకృష్ణ కట్ట మీద ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. అతని భార్య సుప్రియ మేత గది నీడలో తడిపిన గోతాలు పరుస్తోంది. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ల మెకానిక్ మీరా మొహిద్దీన్ ఒక ఏరేటరు విప్పి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం మామా, పేరు మాది పెట్టుకున్యావు, శుక్రోరం పూట పని పెట్టుకున్యావు. జుమ్మాకు నన్ను పోనిస్తావా లేదా?"

"పోదువులే. ముందు దాని రెక్కలు బిగించు."

"బండి వెంకటాచలం టోలు దాటిందంటన్నా!" అని పెంచలకృష్ణ అరిచాడు.

బండి వచ్చేసరికి ఎండ భుజాల మీద చురుక్కుమంటోంది. డ్రైవరు తలుపు తీయగానే హజరత్తయ్య ఒక సంచిని చేత్తో తడిమాడు. తెల్ల బేసిన్‌లో కొంత పిల్లను, దాని నీళ్లతోనే, ఒంపుకున్నాడు. వేలితో నీళ్లను సుడి తిప్పి వేలు తీసేశాడు. మంచి పిల్ల సుడికి ఎదురు ఈదుతుంది. నీరసించినది సుడితోపాటు తిరిగి మధ్యలో కుప్ప పడుతుంది. బేసిన్‌లో పిల్ల ఎదురు ఈదింది. పేగు నల్లటి గీతలా నిండుగా ఉంది. దారి ఇంత ఆలస్యమైనా హేచరీ వాళ్లు పని బాగా చేసి పంపారు.

సంచి మీద అంటించిన చీటీ చూశాడు. ఉప్పు ఐదు. అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఐదు పాళ్లు. సముద్రంలో అయితే ముప్పయి పైన ఉంటుంది. పెంచలకృష్ణ వారం కిందట సీసాలో పట్టి పంపిన గుంట నీళ్ల లెక్క ప్రకారం, హేచరీ వాళ్లు తమ తొట్లలో ఉప్పును రోజురోజుకూ తగ్గించి పిల్లను ఐదుకు అలవాటు చేశారు. అంతవరకూ రివాజే.

ఆయన పడమటి కట్ట మీదికి నడిచి, వంగి, గుంట నీళ్ల చుక్కను ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు అద్దం మీద వేసి వెలుతురుకు పెట్టి చూశాడు. పదిహేను. అద్దం తుడిచి ఇంకో చుక్క వేశాడు. పదిహేనే. తూము దగ్గరికి పోయి మోచేతి దాకా చెయ్యి ముంచి లోపలి నీళ్లు తీశాడు. పదిహేను కంటే కాస్త ఎక్కువే.

వెనక్కి వచ్చేటప్పుడు ఆయన నడకలో తేడా చూసి మొహిద్దీన్ రెంచి కింద పెట్టాడు.

"పెంచలా, శాంపిల్ నీళ్లు ఎవురు పట్టింది?"

"నేనే అన్నా."

"యాడ?"

"ఈశాన్యం మూల. అమ్మ ఆడ్నే పట్టమనింది. మంచి పని ఇంకేడ మొదులుపెడతారు?"

హజరత్తయ్య ఆ మూల వైపు చూశాడు. బోరు గొట్టం అక్కడే నీళ్లలోకి దిగి ఉంది. బోరు కూడా ఈశాన్యంలోనే వేయాలని వాస్తు చూసినాయన చెప్పాడు, వేశారు, ఇసుకపొరలో తియ్యనీళ్లు పడ్డాయి. ఎండకు తగ్గిన మట్టం నింపడానికి రోజూ కొంతసేపు వదులుతున్నారు. గుంటలో పిల్ల లేదు కాబట్టి ఏరేటర్లు తిప్పడం లేదు. ఈ వారం గాలీ లేదు. తియ్యనీళ్లు తేలిక. కలిపేది లేక ఆ మూలలోనే ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా పరుచుకుని ఉన్నాయి. పెంచలకృష్ణ సీసాలో పట్టింది ఆ మీగడను.

"గుంటలో పదిహేనుండాది. నీ పిల్లకు తెలిసింది ఐదు."

చెట్టు నీడలో పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నిలబడ్డ వెంకటశేషమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఈశాన్యం తప్పెట్టవుతాది అబ్బయ్యా? మా సంగంలో నారు పోసినా ఆ మూల్నే మొదులుపెడతాం. ఏ కయ్యలో చూసినా పెన్న నీళ్లు పెన్న నీళ్లే గదా."

"మీ కయ్యల్లో అంతే అక్కా. ఈడ ఉప్పూ తీపీ ఒకే గుంటలో వేరేగా కూసుంటాయి. నీళ్లు పట్టి పంపమన్యాను గానీ యాడ పట్టాలో నేను చెప్పలా. అది నా మీద పడాల్సిందే."

"ఎవురి మీద పడితే ఏంది? ఇప్పుడేం జెయ్యాల? అది చెప్పన్నా!" అన్నాడు పెంచలకృష్ణ.

మామూలుగా అయితే సంచిని గుంటలో తేల్చి, మూతి విప్పి, గుంట నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ఒకటి రెండు పాళ్ల తేడా అయితే చాయ్ తాగే లోపల తీరిపోతుంది. పది పాళ్ల తేడాకు పగలంతా, రాత్రంతా కావాలి. సంచుల్లో ఆక్సిజన్ అంతసేపు ఉండదు. ఇన్ని సంచులు కుమ్మరించడానికి తొట్లు లేవు. బండిని వెనక్కి పంపితే దారిలోనే పోతాయి.

"పదిన్నరకు రాహుకాలం మొదులు," అంది వెంకటశేషమ్మ. "ఆ లోపల ఒక్క సంచైనా దించండి నాయనా. మిగతాది దేవుడు చూసుకుంటాడు."

పెంచలకృష్ణ బండిలోంచి సంచిని ఎత్తి కట్ట కిందికి దిగాడు. రెండో చేతిలో బ్లేడు ఉంది. హజరత్తయ్య అడ్డం పోయి సంచి మెడ పట్టుకున్నాడు.

"కొయ్యబాక."

"ఇంకెంతసేపన్నా? సంచిలోనే చస్తాండాయి గదా! ఆడికి పోతే రవ్వంత ఆశన్నా ఉంటాది."

"ఇప్పుడు పోస్తే నీ కళ్ల ముందర చావవు. అదే మోసం. రేపు, ఎల్లుండి, అడుగున చస్తాయి. పైన నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, నువ్వు బాగుండాది అనుకుంటావు. తాళు. ఇది చూడు."

ఆయన ఇంకో బేసిన్‌లో పడమటి కట్ట నీళ్లు తెచ్చి, అందులో చెంచాడు పిల్లను వదిలాడు. పిల్ల ఒక్కసారిగా ఎగిరెగిరి పడింది. తర్వాత నెమ్మదించింది. అందరూ బేసిన్ మీదికి వంగి ఉన్నారు. అద్దంలా ఉండాల్సిన తోకలు ఒక్కొక్కటిగా పాలు కలిపినట్టు తెల్లబడడం మొదలైంది. ఆయన వేలితో సుడి తిప్పాడు. చాలావరకు పిల్ల సుడితోపాటు తిరిగి మధ్యలో కుప్పపడింది.

పెంచలకృష్ణ సంచిని మెల్లగా గోతాం మీద దించాడు. బ్లేడు జేబులో పెట్టుకున్నాడు.

హజరత్తయ్య పంచె ఎగగట్టి ఈశాన్యం మూలలోకి దిగాడు. అరచేయి లోతున నీళ్లు తీసి చూశాడు: ఐదు. మోకాలి లోతున ఏడు. పాదాల దగ్గర పన్నెండు. కాసేపు అక్కడే నిలబడి కట్ట ఒంపును, బోరు గొట్టాన్ని, గుంట మీద పిట్టల వలకు పాతిన సరుగుడు కర్రలను చూశాడు. పైకి చూడకుండానే పిలిచాడు.

"మొహిద్దీన్, టార్పాలిన్ పట్టలు ఎన్ని ఉండాయి?"

"మేత గదిలో రెండు. బండి మీద కప్పింది ఒకటి. యాల?"

"ఈ మూలను గుంటలోంచి కోసేద్దాం. బోరు వదిలి పెడితే ఉప్పు కిందికి, బయటికి పోతాది. ఈ నీళ్లకు అలవాటైన పిల్ల ఈ నీళ్లలోనే దిగుతాది. ఆపైన గుంటను దానికి రవ్వ రవ్వ పరిచయం జేద్దాం."

"పట్ట నీళ్లను ఆపుతాదా మామా?"

"ఆపదు. ఆలస్యం జేస్తాది. మనకు కావాల్సింది అదే."

సుప్రియ అప్పటికే మేత గది వైపు పరుగెత్తుతోంది.

తరువాతి పని వివరంగా చెప్పడానికి ఎక్కువ లేదు. సరుగుడు కర్రలు పెరికి, మూలకు అడ్డంగా వరుసగా పాతారు. మూడు పట్టలను అంచు మీద అంచు వేసి తాడుతో కుట్టి కర్రలకు కట్టారు. పట్ట అడుగు లేవకుండా ఇసుక మూటలు తొక్కారు. ఆ మూటలు మోసింది పెంచలకృష్ణ, డ్రైవరు. కుట్టింది సుప్రియ, ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, గోతాల సూదితో. మొహిద్దీన్ రెండు గాలి గొట్టాలు, చిన్న బ్లోయరు తెచ్చి మూలలో బుడగలు లేచేట్టు పెట్టాడు. గొట్టం తిన్నగా పడితే అడుగున ఉప్పు లేచి కలుస్తుందని హజరత్తయ్య దాని మూతికి గోనె చుట్టించాడు. ఈలోపల డ్రైవరు తన దగ్గరున్న సిలిండరుతో బలహీనంగా కనిపించిన సంచుల్లో మళ్లీ ఆక్సిజన్ నింపాడు. రాహుకాలం ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. వెంకటశేషమ్మ ఒక్కతే చూసింది.

బోరు ధారగా పడుతుంటే మూలలో ఉప్పు దిగుతూ వచ్చింది. పాదాల దగ్గర పన్నెండు పది అయింది, ఎనిమిది అయింది. అప్పుడు కరెంటు పోయింది.

బోరు ఆగింది. బ్లోయరు ఆగింది. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. మొహిద్దీన్ తిట్టుకుంటూ జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు. తాడు లాగాడు. దగ్గింది గానీ అందుకోలేదు. మళ్లీ లాగాడు. నీడలో ఉన్న సంచుల్లో పిల్ల పైకి తేలి మూతుల దగ్గర చేరుతోంది. గాలి తగ్గినప్పుడే అట్లా చేరుతుంది. పెంచలకృష్ణ వాటి వంక చూడలేక నీళ్ల వంక చూస్తున్నాడు.

"దింపేద్దామా?" అన్నాడు. అది అడగడంలా లేదు, బతిమాలడంలా ఉంది.

హజరత్తయ్య మీటరు వెలుతురుకు ఎత్తాడు. పైన ఐదు, అడుగున ఎనిమిది. ఆయన కోరుకున్నది ఇంకా తక్కువ. బేసిన్‌లో ఈ మూల నీళ్లు ముంచి చెంచాడు పిల్లను వేసి సుడి తిప్పాడు. పిల్ల అంచుకు వచ్చి ఎదురు ఈదింది. తోకలు అద్దంలాగానే ఉన్నాయి.

"దించు. కుమ్మరించబాక. సంచి మూతి నీళ్లలో ముంచి, వాటంతట అవి పోయేట్టు పట్టుకో."

సంచులు ఒకటొకటిగా దిగాయి. ప్రతి సంచినీ నీళ్లలో పడుకోబెట్టి, మూతి తెరిచి, చేతుల మీద ఆనించి పట్టుకున్నారు. పిల్ల గోధుమ రంగు పొగలాగా బయటికి వచ్చి కట్ట నీడలోకి విడిపోయింది. సగం సంచులు దిగేసరికి జనరేటరు అందుకుంది. మొహిద్దీన్ రెండు చేతులూ పైకెత్తి ఏదో అన్నాడు. మళ్లీ బోరు పడింది.

"నేను పోయొస్తా మామా. జుమ్మా టయిమయింది."

"పో. బిరీన రా. గాలి తిరగతాది."

అన్నట్టే గాలి తిరిగింది. ఈ తీరంలో ఎండాకాలం పొద్దు నడినెత్తికి వచ్చాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. గుంట నీళ్లలో అలలు పుట్టి పట్టను కొట్టడం మొదలుపెట్టాయి. పట్ట ఒకసారి లోపలికి ఉబ్బింది, ఒకసారి బయటికి. కర్రలు కిర్రుమన్నాయి. పెంచలకృష్ణ, సుప్రియ, డ్రైవరు పట్టకు వీపులు ఆనించి బురదలో మడమలు తొక్కి నిలబడ్డారు. నాలుగో మనిషి చోటు ఖాళీగా ఉంది. హజరత్తయ్య అటు పోతే పిల్లను చూసేవాళ్లు లేరు.

వెంకటశేషమ్మ పళ్లెం కట్ట మీద పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది.

"అత్తా, నీకెందుకు? ఒళ్లు తూలతాది!"

"గమ్మునుండు. పెన్నలో ఈదినదాన్ని."

కొంతసేపటికి కట్ట మీద మోటారు సైకిళ్లు ఆగాయి. మొహిద్దీన్ వెనక తెల్ల టోపీలతో ముగ్గురు ఉన్నారు, నమాజు నుంచి నేరుగా వచ్చినవాళ్లు. లుంగీలు ఎగగట్టి దిగారు. వాళ్లలో పెద్దాయన వెంకటశేషమ్మను చూసి, "అమ్మా, మీరు గట్టెక్కండి, ఆ చోటు నాకియ్యండి," అన్నాడు. ఆమె ఎక్కలేదు. జరిగి చోటిచ్చింది.

రెండు పట్టలు కలిసిన కుట్టు అప్పుడు తెగింది.

అరచేతి వెడల్పు చీలిక. ఉప్పునీళ్లు దానిలోంచి లోపలికి ధార కట్టాయి. సుప్రియ సూది కోసం చేయి చాచింది. పెంచలకృష్ణ చీలికను రెండు చేతులతో మూయబోయాడు.

"తాళు!" అని హజరత్తయ్య అరిచాడు. ఆ రోజు ఆయన అరిచింది అప్పుడే.

ఆయన చీలిక దగ్గరికి వచ్చి వంగాడు. లోపలికి వస్తున్న ఉప్పు ధార తియ్యనీళ్ల కింద, సీసంలా మెరుస్తూ, అడుగుకు జారుతోంది. దాని అంచున పిల్ల గుమిగూడి ఉంది. కొన్ని ధారకు ఎదురు ఈదుతూ ఉప్పులోకి దూరి, వెంటనే వెనక్కి వచ్చి, మళ్లీ దూరుతున్నాయి. కొన్ని దూరంగా కట్ట నీడలోనే ఆగాయి. మొగలో వల పట్టుకుని నిలబడ్డ రోజుల్లో ఆయన చూసింది ఇదే. ఆటుపోటు మారేటప్పుడు పిల్ల ఎప్పుడూ ఉప్పు నడుమనా తీపి నడుమనా దొరికేది కాదు, రెండూ రాసుకునే గీత వెంబడి దొరికేది. దేనికి ఎంత ఓపిక ఉంటే అది అంత ముందుకు పోయేది. అక్కడ దాన్ని ఎవరూ అలవాటు చేయలేదు. వెనక్కి రావడానికి చోటు ఉండేది, అంతే.

"కుట్టబాక," అన్నాడు. "చీలిక పెద్దది గాకుండా రెండు పక్కలా పట్టుకోండి. ఇంతే ఉండాల. బోరు ఆపబాకండి."

"లోపలికి ఉప్పు వస్తాంది గదన్నా!"

"రానీ. ఎంత కావాల్నో పిలకాయలే చూసుకుంటాయి. వాటికి వెనక్కి పొయ్యే దారి మనం కాపాడాల."

ఇది ఆయన ముందుగా వేసుకున్న పద్ధతి కాదు. తప్పో ఒప్పో ఆయనకూ తెలియదు. చీలిక దగ్గర మనుషులు మార్చి మార్చి నిలబడ్డారు. ఆయన మాత్రం ఒకసారి మీటరు, ఒకసారి బేసిన్, ఈ రెంటి మధ్యే సాయంత్రం దాకా తిరిగాడు. కట్ట నీడలో ఆగిన వాటిలో కొన్ని తెల్లబడి అడుగుకు దిగాయి. ఆయన వాటిని చిన్న వలతో ఎత్తి కట్ట మీద వేశాడు. కాకులు వచ్చాయి. పెంచలకృష్ణ కాకుల్ని తరమబోతే వద్దన్నాడు.

గాలి పడిపోయాక, పట్ట కింద నుంచి ఉప్పు ఇంకాస్త వచ్చేట్టు, ఒకటి రెండు మూటలు జరిపించాడు. మరునాడు పొద్దున ఇంకో రెండు. శనివారం మధ్యాహ్నానికి మూలలో ఉప్పు పదకొండు, సాయంత్రానికి పదమూడు. రాత్రి ఆయన కట్ట మీదే పడుకున్నాడు. ఆదివారం తెల్లవారి ఇంక పట్టకు పని లేదనిపించి, కర్రకు కట్టిన తాళ్లు ఒక్కొక్కటే విప్పించాడు. మొహిద్దీన్ దూరంగా ఒక ఏరేటరు తిప్పాడు. పిల్ల గుంటలోకి పోయింది. పోయిన తర్వాత ఇంక ఎవరి చేతిలోనూ లేదు.

కావలి ఆయన కారులో వచ్చాడు. ఆయన కూడా చాలా కాలంగా గుంటలు చేస్తున్న మనిషి. జరిగింది దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. మేతా పిల్లా చూసుకోవడానికి నీళ్లలో దించి ఉంచే చెక్ ట్రేను నేరుగా పైకి లాగించాడు. అడుగున చచ్చినవి ఉన్నాయి, దాచడానికి లేదు. వాటి మీదుగా బతికినవి చిటపటమని ఎగిరాయి. ఆయన వాటిలో కొన్నిటిని బేసిన్‌లోకి ఒంచుకుని, తనే వేలితో సుడి తిప్పాడు.

పెంచలకృష్ణ ఆయన వేలిని చూస్తున్నాడు. సుప్రియ ఇద్దరినీ చూస్తోంది.

పిల్ల అంచుకు చేరి ఎదురు ఈదింది.

ఆయన ఇంకోసారి తిప్పాడు. కాసేపు అట్లాగే వంగి ఉండి, బేసిన్‌ను గుంటలోకి వంచి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇట్టాంటి పిల్ల ఉండే గుంట లీజుకిచ్చేది కాదు పెంచలకృష్ణా. నీ పంట నువ్వు చేసుకో. కుదరకపోతే అప్పుడు ఫోన్ జెయ్యి."

కారు కట్ట దిగి మైపాడు రోడ్డెక్కింది. తర్వాత పెంచలకృష్ణ మేత గదిలోకి పోయి బకెట్ నిండా మేత కలుపుకొని వచ్చాడు. అతని మొహం విప్పారింది.

"మొదటి మేత నువ్వెయ్యన్నా."

హజరత్తయ్య బకెట్ చూశాడు.

"ఎంత కలిపినావు?"

"పిల్ల ఎంత దించినామో అంతకు."

"దించినంత లేదు పెంచలా. ఎంత ఉండాదో నాకూ తెలవదు, నీకూ తెలవదు. సగం ఎయ్యి. ట్రేలో మిగిలితే ఇంకా తగ్గించు. మిగల్లేదంటే అప్పుడు రవ్వ పెంచు. ఎక్కువేస్తే అడుగున కుళ్లి ఉండేటివి కూడా పోతాయి."

సుప్రియ పెంచలకృష్ణ చేతిలోంచి బకెట్ తీసుకుని, సగం మేతను తిరిగి సంచిలో పోసి, సంచి మూతి కట్టింది.